త్రాసు చూడని నడుము

మా ఇంట్లో ఎవరి ఆరోగ్యం ఎలా ఉందో తిరుపతి కొండమీద తేలేది. ఏటా వైశాఖంలో మా అన్నను త్రాసులో ఒక తట్టలో కూర్చోబెట్టి, రెండో తట్టలో బెల్లం పెట్టేవాళ్ళం. ముల్లు మధ్యలో నిలబడితే ఆ ఏడాదికి ఇంటిల్లిపాదికీ డాక్టరుతో పనిలేదన్నమాట. మిగిలిన వాళ్ళను తూచకుండానే ఈ సౌకర్యం మాకందరికీ వర్తించేది.

అన్నకు మూడేళ్ళప్పుడు విషజ్వరం వచ్చింది. మాది ఐరాల దగ్గర పల్లె. చెరుకు మాదే, గానుగ మాదే, బెల్లం మాదే. నాయన దగ్గర ధారాళంగా ఉన్నది అదొక్కటే కాబట్టి, బిడ్డ బతికితే ప్రాణమున్నంతకాలం ఏటా వాడెత్తు బెల్లం ఇచ్చుకుంటానని స్వామికి మొక్కుకున్నాడు. ఎవరి ప్రాణమున్నంతకాలమో నాయన విడమరచి చెప్పలేదు. స్వామీ అడగలేదు.

మొదటి ఏడాది బెల్లం ఒక గంపకు తక్కువే పట్టిందట. అన్న పెరిగేకొద్దీ గోతం పెరిగింది. ఇరవై రెండో ఏట యాభై ఎనిమిది కిలోల దగ్గర ఆగి, ఇక కదల్లేదు. అప్పటినుంచి నాయన ఇంటి దగ్గరే యాభై ఎనిమిది కిలోలు తూయించి తెచ్చేవాడు. మా గానుగ ముద్ద ఒక్కొక్కటీ కిలోకు అటూఇటూగా ఉండేది. కొండమీద ఒక ముద్ద తీయనక్కరలేదు, ఒక ముద్ద వేయనక్కరలేదు. ముల్లు నిలబడగానే నాయన మా అందరివైపూ ఒక చూపు చూసేవాడు. కొడుకు ఫస్టు క్లాసులో పాసైతే తండ్రి చూసే చూపు. నేను నిజంగానే ఫస్టు క్లాసులో పాసైనప్పుడు ఆ చూపు నావైపు వచ్చినట్టు గుర్తులేదు.

నేను తిరుపతిలో బీయెస్సీ చదివి, అక్కడే ఒక కాలేజీ ఫిజిక్సు ల్యాబులో డెమాన్‌స్ట్రేటరుగా చేరాను. పిల్లలచేత తూకాలు వేయించడం నా పని. ఒక వస్తువును గాలిలో తూచాలి, నీళ్ళలో ముంచి తూచాలి. బరువు ఒక్కటే అయినంత మాత్రాన రెండు వస్తువులూ ఒక్కటి కావు, లోపల ఏముందో చూసుకోవాలి అని ఏటా కొత్త పిల్లలకు చెప్పేవాణ్ణి. నాకు జీతం ఇచ్చేది ఆ ఒక్క వాక్యానికే. సెలవుల్లో ఊరికి పోయేటప్పుడు దాన్ని ల్యాబులోనే పెట్టి తాళం వేసి పోయేవాణ్ణని ఇప్పుడు తెలుస్తోంది.

అన్న ఉద్యోగంలో చేరకముందు చెరుకు కొట్టేవాడు. పాకం కాచే పెనాన్ని ఇంకొక మనిషితో కలిసి పొయ్యిమీదినుంచి దించేవాడు. పొట్ట చాపలాగా ఉండేది. తర్వాత చిత్తూరులో ఒక సర్కారు ఆఫీసులో గుమాస్తా పని దొరికింది. ఆ ఏడే పెళ్ళయింది. పొద్దున బస్సు, పగలంతా ఫ్యాను కింద కుర్చీ, సాయంత్రం బస్సు. మధ్యలో ఒక క్యారియరు అన్నం, మూడు కాఫీలు, ఎవరైనా పనిమీద వస్తే బోండాలు. నాలుగైదేళ్ళలో భుజాలు జారాయి, పిక్కలు సన్నబడ్డాయి, పొట్ట ముందుకొచ్చింది. తూకం మాత్రం చెక్కుచెదరలేదు. భుజాల దగ్గర తగ్గింది నడుము దగ్గర చేరింది. ప్రభుత్వోద్యోగి కదా, లోపల కండకు కూడా బదిలీ అయింది అన్నాను నేను. అందరూ నవ్వారు. నేను అన్నవాటికి నవ్వడం మా ఇంట్లో ఆనవాయితీ. చదువు మీద పెట్టిన ఖర్చుకు వాళ్ళు రాబట్టుకున్నది అదే.

"ముంతకు నాలుగు చీపురుపుల్లలు గుచ్చినట్టుండావన్నా," అనేవాణ్ణి.

"పుల్లలు కూడా తూకంలోకి వస్తాయి లేరా," అనేవాడు అన్న.

మా ఇంట్లో ఇంకొక కొలత ఉండేది. దాన్ని ఎవరూ కొలత అనుకోలేదు. కొండమీద గుండు కొట్టించుకుని, తులాభారం అయ్యాక, అన్న పాత మొలతాడు తీసేసి కొత్తది కట్టుకునేవాడు. పాత తాడును ఎవరూ తొక్కే చోట పారేయకూడదని మా అమ్మ కట్టడి. అమ్మ పోయాక కూడా వదిన దాన్ని పాటించింది. పాతదాన్ని కొంగున ముడేసుకుని ఇంటికి తెచ్చి, వడ్లగది తలుపు వెనక మేకుకు తగిలించేది. కొత్తది కొనేటప్పుడు అంగట్లోనే పాతదానితో కొలిచి కత్తిరించమనేది.

"పోయిన ఏడు కంటే రెండేళ్ళు ఎక్కువ ఇడువప్పా," అనేది అంగడతనితో. రెండేళ్ళంటే చేతివేళ్ళే. "బిగిస్తా ఉండాదంట మా ఇంటాయనకి."

ఏటా అదే మాట. ఒకసారి వదిన నన్నే అడిగింది. "అబ్బోడా, ఈ తాడు ఏటేటా ఎందుకు పొట్టిదవతాది? అంగడోడు మంచి నూలు ఇయ్యడంల్యా?"

దానికి నా దగ్గర శాస్త్రం ఉంది. నూలు తాడు తడిస్తే పోగులు ఉబ్బుతాయి, మెలిక బిగుస్తుంది, పొడవు తగ్గుతుంది. రోజూ స్నానం చేసే మనిషి నడుమున ఉండే తాడు ముడుచుకోక ఏం చేస్తుంది? చేతిలో తాడు పట్టుకుని, చెంబులో ముంచి మరీ చూపించాను. నిజంగానే కాస్త ముడుచుకుంది. వదిన మెచ్చుకుంది. నేను చెప్పిన దాంట్లో అబద్ధం ఒక్క ముక్క లేదు.

ఎమర్జెన్సీ ఎత్తేసిన ఏడాది వదిన అన్న మెడమీద నల్లటి చార చూసింది. మురికి అనుకుని సున్నిపిండి పెట్టి రుద్దింది. వారం రుద్దినా పోలేదు. దానికితోడు మధ్యాహ్నం తిన్నాక మనిషి ఆఫీసులో ఫైలుమీదే తల వాల్చేస్తున్నాడని తోటి గుమాస్తా భార్య బస్సులో చెప్పిందట. నేను వేసవి సెలవులకు వచ్చి ఉన్నాను. వదిన పట్టుబట్టి మా ఇద్దరినీ చిత్తూరులో ఒక లేడీ డాక్టరు దగ్గరికి లాక్కుపోయింది.

ఆమెది చిన్న గది, ఒక బల్ల. అన్నను పైకీ కిందికీ చూసింది. ఒంటేలు నీలం మందులో కలిపి దీపం మీద కాచింది. నీలం కొంచెం పచ్చగా తిరిగింది. మర్నాడు పరగడుపునా, తిన్నాకా రెండుసార్లు రక్తం తీయించింది. ఆ కాగితాలు వచ్చాక దర్జీ టేపు ఒకటి సొరుగులోంచి తీసి అన్న బొడ్డు చుట్టూ వేసింది. ఏ డాక్టరూ అలా చేయగా మేము చూడలేదు. నాకు నవ్వొచ్చింది, దగ్గుగా మార్చుకున్నాను.

"చక్కెర జబ్బు ఇంకా లోపలికి రాలేదు," అంది. "వాకిట్లో చెప్పులిడిచి నిలబడుండాది. రానిచ్చేదీ తరిమేదీ మీ చేతిలోనే ఉండాది."

అన్న చొక్కా కిందికి లాక్కున్నాడు. "అమ్మా, నేను లావు లేను గదా. పన్నెండేండ్లుగా యాభై ఎనిమిది కిలోలే. కావాలంటే మా నాయన్ని అడగండి."

"కిలోలు నాకు చెప్పద్దండి. ఆ కిలోలు యాడ కూసోనుండాయో చూసుకోండి. చేతులు చూడండి, కాళ్ళు చూడండి, ఈ పొట్ట చూడండి. లావుపాటోళ్ళయితే భయపడి ముందే వస్తారు. మీ మాదిరి ఉండేవాళ్ళే, మాకేమిలే అని, కాలికి పుండు పడినాక వస్తారు."

అన్నం సగానికి తగ్గించమంది. బెల్లం, కాఫీలో చక్కెర మానేయమంది. సాయంత్రం బస్సు రెండు స్టాపులు ముందే దిగి నడవమంది. మూడు నెలలకు మళ్ళీ రమ్మంది.

అన్న భయపడ్డాడు. భయపడ్డాడు కాబట్టి చెప్పినవన్నీ చేశాడు. మా వంశంలో డాక్టరు మాట మొత్తంగా విన్నవాడు ఆయనే. బస్సు ముందే దిగి మట్టిరోడ్డున చెప్పులు ఈడ్చుకుంటూ వచ్చేవాడు. కంచంలో అన్నం కుప్ప తగ్గింది. తిన్నాక బెల్లం ముక్క వద్దన్నాడు. మూడు వారాలకు మధ్యాహ్నం కునుకు పోయిందని వదినతో చెప్పాడట. అదే వారం చిత్తూరు బస్టాండులో కాసు వేస్తే కార్డు పడే మిషనెక్కాడు. కార్డు మీద యాభై ఆరు ఉంది. సంబరంగా ఇంటికి తెచ్చి చూపించాడు.

చూపించకుండా ఉండాల్సింది.

నాయన కార్డును వెనకాముందూ తిప్పి చూశాడు. చదవడం రాకపోయినా అంకెలు వచ్చు. మొహం నల్లబడింది.

"రెండు కిలోలు యాడ పోయినాయిరా?"

"నడస్తా ఉండాను గదా నాయనా. డాక్టరమ్మే తగ్గమనింది."

"తగ్గమనిందా? స్వామికి రాసిచ్చిన తూకంరా అది! వచ్చే వైశాఖానికి త్రాసులో కూసున్నాక రెండు ముద్దలు ఎనక్కి తీసుకోమంటావా ఆయప్ప కాడ? తూకం తగ్గితే ఆయుస్సు తగ్గినట్టే. మీ అమ్మ ఉండుంటే నీకు సెప్పేది."

"తగ్గితే మంచిదంట మామా," అంది వదిన తలుపు చాటునుంచి.

"ఎవురికి మంచిది? మన బెల్లం తిని చెడిపోయినోడు మన వంశంలో ఒకడుండాడా? సూపీ."

వాకిట్లో ఎనిమిది మందిమి ఉన్నాం. గానుగ దగ్గర పనిచేసే ఇద్దరు కూడా ఆగి వింటున్నారు. నాయన కార్డును పిడికిట్లో నలిపేశాడు. అది కోపం కాదని నాకు తెలుసు. మూడేళ్ళ బిడ్డను ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న ఆ రోజు ఆయనకు మళ్ళీ వచ్చింది. అన్న నాయనవైపు చూశాడు, వదినవైపు చూశాడు, చివరకు నావైపు తిరిగాడు.

"రేయ్ చిన్నోడా, నువ్వు సదువుకున్నోడివి. డాక్టరమ్మ కాడికి నువ్వూ వచ్చినావు. నువ్వు సెప్పు. ఏం చేసేది?"

ఆ మాటలో వేళాకోళం లేదు. ఆయన నన్ను నిజంగా అడిగిన ప్రశ్న నాకు తెలిసి అదొక్కటే. జవాబు కూడా నా దగ్గర ఉంది. బరువు ఒక్కటే అయినంత మాత్రాన మనిషి ఒక్కడు కాడు నాయనా, ల్యాబులో నేను రోజూ చెప్పేది ఇదే, డాక్టరమ్మ చెప్పింది నిజం. మూడు ముక్కలు. నాయనకు కోపం వచ్చేది, రెండు రోజులు నాతో మాట్లాడేవాడు కాదు. అంతకంటే ఏమయ్యేది?

వాకిట్లో అందరూ నావైపు చూస్తున్నారు. వాళ్ళ మొహాల్లో నవ్వు అప్పుడే సగం సిద్ధమై ఉంది. అది నాకు అలవాటైన కూలి.

"అన్నా," అన్నాను, "పన్నెండేండ్లు తూకం మారని వస్తువు దొరికితే మా శాస్త్రంలో దాన్ని అద్దాల పెట్టెలో పెట్టి, దేశమంతా దాంతోనే కాటాలు సరిచూసుకుంటారు. నీకు జబ్బేంది? నిన్ను పెట్టెలో పెట్టేదానికి సర్కారోళ్ళు వస్తారు, కదలకుండా కూసో."

వాకిలంతా ఘొల్లుమంది. నాయన అందరికంటే ఎక్కువ నవ్వాడు. కళ్ళు తుడుచుకున్నాడు. అన్న కూడా నవ్వాడు. వదిన నవ్వలేదు. కాసేపటికి నాయన, అమ్మ పోయినప్పటినుంచీ తానే దాచుకునే డబ్బాలోంచి ఒక బెల్లం ముక్క తీసి అన్న చేతిలో పెట్టాడు. అన్న దాన్ని కాసేపు చేతిలోనే పట్టుకుని, తర్వాత నోట్లో వేసుకున్నాడు. మూడు నెలల తర్వాత పోవాల్సిన డాక్టరు చీటీ దూలం సందులో దోపారు. వైశాఖానికి యాభై ఎనిమిది కిలోలకే ముల్లు మధ్యలో నిలబడింది. నాయన ఆ చూపు చూశాడు. ఆ ఏడు ఒక్క రవ్వ నావైపు కూడా పడింది.

ఆ తర్వాత ఏడేళ్ళు విశేషమేమీ లేదు. జబ్బు వాకిట్లోంచి లోపలికి వచ్చి కూర్చున్నా ఇంట్లో మంచినీళ్ళు ఇచ్చినవాళ్ళు లేరు కాబట్టి ఎవరికీ తెలియలేదు. తాగింది అన్న ఒక్కడే. పడుకునేటప్పుడు పెద్ద చెంబు పక్కన పెట్టుకునేవాడు. చిత్తూరు ఎండలకు ఎవరికి దాహం కాదు? పాదాలు తిమ్మిరెక్కుతున్నాయనేవాడు. కుర్చీ ఉద్యోగానికి తిమ్మిరి కాక మరేముంటుంది? ప్రతిదానికీ మా దగ్గర ఒక సమాధానం ఉండేది, విడివిడిగా ప్రతి సమాధానమూ సరైనదే.

ఎనభై నాలుగు వైశాఖంలో అలిపిరినుంచి మెట్లెక్కాం, అలవాటు ప్రకారం చెప్పులు లేకుండా. కొండమీదికి చేరేసరికి పన్నెండు దాటింది. బండలు కాలి పెనంలాగా ఉన్నాయి. నేను నీడకోసం ఎగురుతూ పరుగెత్తాను. నాయన, ఆ వయసులో, టవలు కింద పరిచి దానిమీద నిలబడ్డాడు. అన్న ఒక్కడే ఏమీ జరగనట్టు, పెళ్ళి ఊరేగింపులో నడిచినట్టు నడిచి వచ్చాడు.

"కాల్లేదాన్నా?" అన్నాను.

"ఏమీ తెలీలేదు రా," అన్నాడు, ఆయనకే ఆశ్చర్యంగా ఉంది.

"సూడండ్రా," అన్నాడు నాయన, చుట్టుపక్కల ఉన్న కొత్తవాళ్ళకు కూడా వినబడేలా. "భక్తి అంటే అదీ. నలభై ఏండ్ల మొక్కు. స్వామే పట్టుకోని నడిపిచ్చినాడు."

సైన్సు చదివినవాణ్ణి, అయినా ఆ క్షణాన నమ్మాను. ఎగతాళి చేయకుండా ఊరుకున్నది నేను ఆ ఒక్కసారే.

తూకం సరిపోయింది. తిరుగు బస్సులో వదిన కిందికి వంగి చూసి, "అయ్యో, ఈ రగతం ఎవురిది?" అంది. అన్న కుడి అరికాలు బొబ్బలెక్కి చిట్లి ఉంది. ఆయనకు తెలియనే తెలియదు.

పసుపు పెట్టారు. వేపాకు నూరి కట్టారు. నెలన్నర గడిచినా పుండు మానలేదు, రంగు మారింది. అప్పుడు చిత్తూరులో అదే డాక్టరమ్మ దగ్గరికి పోయాం. ఆమెకు జుట్టు నెరిసింది. దూలం సందులోంచి తీసి తెచ్చిన పాత చీటీని వదిన బల్లమీద పెట్టింది. డాక్టరమ్మ చీటీ చూసింది, కాలు చూసింది. కోప్పడితే బాగుండేది.

"మూడు నెలలకి రమ్మన్నాను," అంది.

"కొంచెం ఆలీసమయిందమ్మా," అన్నాడు అన్న.

ఆరోజే వేలూరుకు పొమ్మంది. అక్కడ మొదట రెండు వేళ్ళు తీశారు. పన్నెండు రోజుల తర్వాత మోకాలి కిందినుంచి కాలే తీసేశారు.

ఆపరేషను అయ్యాక బట్టలు తేవడానికి నేనూ వదినా ఒక పూట ఊరికి వచ్చాం. వదిన పెట్టె సర్దుతోంది. నేను వడ్లగదిలోకి పోయి తలుపు వేస్తే వెనక మేకుకు తాళ్ళు కనబడ్డాయి. పదిహేడు. నల్లవి, వెలిసి గోధుమరంగుకు తిరిగినవి. ఎందుకు తీశానో తెలియదు. నేలమీద ఒకదాని పక్కన ఒకటి, ఒక కొస సమంగా పెట్టి పరిచాను. రెండో కొస మెట్లు కట్టినట్టు దిగుతూ పోయింది. మొదటిదానికీ చివరిదానికీ జానెడు పైన తేడా. అన్ని తాళ్ళూ తడిసినవే, అన్నీ ముడుచుకున్నవే. ముడుచుకున్నాక కూడా అంత తేడా.

వదిన వచ్చి గడపలో నిలబడింది.

"వాటిని కొలిసేదానికి ఇప్పుడు తీరిక దొరికిందా అబ్బోడా?"

నేను ఒక తాడు కొస సరిచేస్తూనే ఉన్నాను.

"నూలు ముడుసుకుంటాదని నువ్వే గదా సెప్పినావు. సెంబులో ముంచి గూడా సూపిచ్చినావు." ఆమె గొంతులో కోపం లేదు, లెక్క అప్పజెప్పినట్టు ఉంది. "నేను నమ్మినాను. నువ్వు సదువుకున్నోడివని."

తాళ్ళు ఏరి, చుట్టి, మళ్ళీ మేకుకు తగిలించింది. పెట్టె నేను మోశాను.

మరుసటి వైశాఖానికి నాయన మొక్కు ఆపలేదు. ప్రాణముంది కదా, అదే మొక్కు. యాభై ఎనిమిది కిలోలు తూయించి గోతంలో కట్టించాడు. అంత పట్టదని నాకు తెలుసు. కాలు లేదు, పథ్యంతో పొట్టా తగ్గింది. చెప్పాల్సింది నేనే. ఎప్పటిలాగే చెప్పలేదు.

అన్నను బస్సులో కొండకు తెచ్చి, నేనూ ఇంకొకరూ ఎత్తి తట్టలో కూర్చోబెట్టాం. రెండో తట్టలో నాయన ముద్దలన్నీ పేర్చాడు. బెల్లం తట్ట నేలకు దిగబడింది, అన్న గాలిలోకి లేచాడు. త్రాసు దగ్గరున్నాయన మెల్లగా, "కొంచెం తీయండి సామీ," అన్నాడు.

నాయన ఒక ముద్ద తీశాడు. ముల్లు కదల్లేదు. ఇంకొకటి తీశాడు. తీసిన ప్రతి ముద్దనూ ఎక్కడ పెట్టాలో తెలియక భుజం మీది టవలు పరిచి అందులో పెట్టాడు. ఎనిమిదోది తీశాక ముల్లు మధ్యకు వచ్చింది. ఇరవై ఏళ్ళలో ఆ త్రాసు తేడా చూపించింది అదే మొదటిసారి.

నాయన ఎవరివైపూ చూడలేదు. టవల్లో ముద్దల్ని చూస్తూ, "ఇవి ఏం చేసేదప్పా?" అన్నాడు. నన్నే అడిగాడు.

త్రాసు తట్టలోంచి అన్న నావైపు వంగాడు. మొహంలో నవ్వు ఉంది, పాతదే.

"రేయ్ చిన్నోడా, అద్దాల పెట్టెలో పెట్టేది నన్నా, ఆ ముద్దల్నా?"

ఏడెనిమిదేళ్ళ కిందటి మాట. నేను మరిచిపోయాననుకున్నాను, ఆయన మరిచిపోయాడనుకున్నాను. జనం వింటున్నారు. నేను ఆయన చంకల కింద చేతులు వేసి తట్టలోంచి దించాను.

బయటికి వచ్చాక వదిన కొత్త మొలతాడు కొనింది. పాతదానితో కొలిచి, "నాలుగేళ్ళు తక్కువ కత్తిరీ," అంది అంగడతనితో. ఎందుకని అతను అడగలేదు.

ముద్దలు మూటకట్టి నాయన నా చేతికిచ్చాడు. ఇంటికి తీసుకుపోనని అన్నాడు. ఎవరికైనా ఇచ్చేద్దామంటే స్వామికని తెచ్చినవి, ఇవ్వబుద్ధి కాలేదు. బస్సు కొండ దిగేంతసేపూ మూట నా ఒళ్ళోనే ఉంది. మలుపు వచ్చినప్పుడల్లా పక్కకు జారేది. రెండు చేతులతో పట్టుకుని కూర్చున్నాను. చొక్కా కింద నా మొలతాడు కూడా బిగిసి ఒరుసుకుంటోంది. ముందు సీట్లో అన్న కిటికీవైపు తల పెట్టి నిద్రపోయాడు.